నీ రైడ్లకు లెక్కుంది, మార్కులకే లేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక పల్లె. నల్గొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతున్నాను. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియం. ఎనిమిదో తరగతి నుంచి కబడ్డీ ఆడుతున్నాను. రైడర్‌ని. ఈసారి అండర్-19లో రాష్ట్ర పోటీలకు పోయి వచ్చాను. నాలుగు మ్యాచుల్లో 58 రైడ్లకు వెళ్లి 27 పాయింట్లు తెచ్చాను. 13 సార్లు దొరికాను, అందులో 8 సార్లు లెఫ్ట్ కార్నర్‌లో డిఫెండర్ చీలమండ పట్టేసే యాంకిల్ హోల్డ్‌కే.

కానీ చదువులో నేను వేస్ట్ మేడమ్. ఫస్టియర్ ఏదో పాసయ్యాను. ఫిజిక్స్ అయితే అసలు రాదు. పరీక్షలో పెద్ద ప్రశ్నలు రెండూ వదిలేసి వచ్చాను. నా రూమ్మేట్‌కు 440కి 425 వచ్చాయి, ఆమె పక్కన కూర్చొని చదవాలంటేనే సిగ్గు. ఫిజిక్స్ సార్ నన్ను పేరుతో పిలవరు, "ఏయ్ కబడ్డీ, నువ్వు చెప్పు" అంటారు. తప్పుగా అనరు, నవ్వుతూనే అంటారు. మా మేనమామ "ఆటలు ఆడేటోళ్లకు చదువు ఎక్కదు" అంటాడు. మా అన్న "ఇగ ఆట బంద్ చెయ్, లేకుంటే చదువన్న బంద్ చెయ్" అంటున్నాడు. నాయిన బత్తాయి తోటలో పనికి పోతాడు, ఆయన ఏమీ అనడు. పొద్దున 5:30 నుంచి 7:30, సాయంత్రం 4:30 నుంచి 6:30 ప్రాక్టీస్, ఆదివారం ఒక్కటే సెలవు. పుస్తకం నాలుగైదు సార్లు చదువుతాను, చదివినప్పుడు వచ్చినట్టే ఉంటుంది, పరీక్షలో ఏమీ గుర్తుకు రాదు. మార్చిలో పరీక్షలు. ఆట మానేయమంటారా? మెమో ఫోటో కూడా పంపుతున్నాను. నా పేరు వేయకండి.

జవాబు:

బిడ్డా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిల్ పట్టుకొని చదివాను, ముప్పై ఏళ్లు పాలమూరులో జువాలజీ పేపర్లు దిద్దిన అలవాటు పోదు కదా. ఆట గురించి రాసిన నాలుగు వాక్యాల్లో ఎన్ని అంకెలు ఉన్నాయో లెక్కపెట్టాను. 58 రైడ్లు, 27 పాయింట్లు, 13 సార్లు దొరకడం, అందులో 8 ఒకే మూలకు. తర్వాత నీ చదువు గురించి నువ్వు రాసింది చూశాను. "వేస్ట్", "ఏదో పాసయ్యాను", "అసలు రాదు". నీ మార్కు అంటూ ఒక్క అంకె లేదు. అంకె ఉన్నది నీ రూమ్మేట్‌కు. నీ మార్కులు ఎంతో తెలుసుకోవడానికి నేను ఫోటో తెరిచి, పెద్దది చేసుకొని చూడాల్సి వచ్చింది.

నూటికి తెలుగు 88, ఇంగ్లిష్ 71. అరవైకి బాటనీ 49, జువాలజీ 51, కెమిస్ట్రీ 36, ఫిజిక్స్ 27. మొత్తం 440కి 322. నూటికి 73 దాటాయి. 75 శాతం అంటే 330, దానికి నువ్వు 8 మార్కుల దూరంలో ఉన్నావు. మూడుసార్లు కూడి చూశాను, నా కూడికలో తప్పేమైనా ఉందేమో అని. ఎందుకంటే "వేస్ట్" అని రాసిన అమ్మాయి మెమోలో జువాలజీ 60కి 51 ఉంటుందని నేను అనుకోలేదు. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఏడాదిలో ఇంగ్లిష్‌లో ఆర్థ్రోపోడా గురించి రాసి 51 తెచ్చుకుందంటే ఆ పిల్లను నేను స్టాఫ్ రూమ్‌లో అందరికీ చెప్పుకొని ఉండేదాన్ని.

నీకు ఏదో ధైర్యం చెప్పడానికి ఇట్లా అంటున్నానని అనుకోకు. ఫిజిక్స్ 27 తక్కువే. పాస్ మార్కు 21 కాబట్టి గట్టెక్కావు, అంతే. కెమిస్ట్రీ 36 కూడా గొప్పేమీ కాదు. ఈ రెండింటి సంగతి కింద వివరంగా రాస్తాను. కానీ ఆరు సబ్జెక్టుల్లో రెండింటి బరువును మొత్తం చదువు నెత్తిన పెట్టి, దానికి వేస్ట్ అని పేరు పెట్టింది నువ్వే. ముందు అది ఎట్లా జరిగిందో చూద్దాం.

నల్గొండలో ఉంటున్నావు కాబట్టి పానగల్లు ఉదయసముద్రం చూసే ఉంటావు. దాని కట్ట మీద నిలబడి చూస్తే చుట్టుపక్కల కుంటలు కంటికి ఆనవు. వాటిలోనూ నీళ్లుంటాయి, వాటి కిందా నాలుగు మళ్లు పారుతాయి. అయినా కళ్ల ముందు అంత పెద్ద చెరువు ఉన్నప్పుడు కుంటను ఎవరు చూస్తారు? నీ ఆట నీకు ఆ చెరువు. జిల్లాలో నీ వయసు రైడర్లలో నువ్వు ముందు వరసలో ఉన్నావు, రాష్ట్రానికి పోయి వచ్చావు. దాని పక్కన 73 శాతం పెడితే చిన్నగానే కనిపిస్తుంది. ఆట ఆడని అమ్మాయికి ఇవే మార్కులు వస్తే "పర్లేదు, బాగానే చదువుతున్నా" అనుకునేది. హెర్బర్ట్ మార్ష్ అనే విద్యా మనస్తత్వవేత్త 1986లో ఇలాంటి సంగతే రాశాడు. పిల్లలు తమ మార్కులను పక్కవాళ్లతో మాత్రమే పోల్చుకోరు, తమలోనే ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చుకుంటారు. ఒకదాంట్లో చాలా బాగుంటే, రెండోది బాగానే ఉన్నా అందులో తాము తక్కువే అనుకుంటారు. ఆయన చూసింది లెక్కలనూ భాషనూ. నీ విషయంలో ఆ రెండు కబడ్డీ, చదువు అని నాకు అనిపిస్తోంది.

నువ్వు బయటి వాళ్లతో కూడా పోల్చుకుంటున్నావు, అదీ 425 వచ్చిన అమ్మాయితో. ఆమెను చూసి సిగ్గుపడటం మాని, ఆమె ఏం చేస్తుందో చూడు. ఎప్పుడు ఏ పుస్తకం తెరుస్తుంది, ఎంతసేపు చదువుతుంది, రాసి చూసుకుంటుందా, లేదా. నీకన్నా మంచి రైడర్ ఆడుతుంటే గ్రౌండ్ బయట కూర్చొని ఆమె కాళ్లే చూస్తావు కదా, సిగ్గుపడవు కదా.

ఇప్పుడు మీ ఫిజిక్స్ సార్ సంగతి. "ఏయ్ కబడ్డీ" అని ఆయన నవ్వుతూ అన్నా, నువ్వూ నవ్వినా, ఆ మాట నిన్ను ఏమీ చేయడం లేదని మాత్రం అనుకోకు. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో డారెన్ యోపిక్, డెబొరా ప్రెంటిస్ అని ఇద్దరు 2005లో ఒక పరిశోధన అచ్చువేశారు. (ఆ ప్రెంటిస్ గారే 2023లో ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి యూనివర్సిటీకి వైస్ చాన్స్‌లర్ అయ్యారు.) అక్కడ యూనివర్సిటీ టీముల్లో ఫుట్‌బాల్, ఐస్ హాకీ ఆడే విద్యార్థులకు లెక్కల పరీక్ష పెట్టారు. పరీక్షకు ముందు కొందరికి తాము ఆటగాళ్లమన్న సంగతి గుర్తుకు వచ్చేలా చేశారు, కొందరికి తాము విద్యార్థులమన్న సంగతి. ఆటగాళ్లమని గుర్తు చేసుకొని కూర్చున్నవాళ్లు లెక్కలు తక్కువ చేశారు, తమ మీద తమకున్న అభిప్రాయం కూడా తగ్గింది. ప్రిన్స్‌టన్‌లో సీటు వచ్చిందంటే తెలివికి తక్కువేమీ ఉండదు కదా. అయినా "ఆటగాళ్లకు చదువు రాదు" అనే మాట అక్కడి గాలిలోనూ ఉంది. దేవరకొండలో మీ మేనమామ నోట్లో ఉన్నదీ అదే మాట. నువ్వు పొద్దున 7:30కి గ్రౌండ్ నుంచి ఉరికి వచ్చి, ట్రాక్ ప్యాంటుతోనే క్లాసులో కూర్చుంటే, పైనుంచి సార్ "కబడ్డీ" అని పిలిస్తే, ఆ పిరియడ్‌లో నువ్వు ఎవరివై కూర్చున్నట్టు?

సార్‌తో పోట్లాడమని చెప్పను. ఒకరోజు క్లాసు అయ్యాక, ఒక్కరే ఉన్నప్పుడు, "సార్, క్లాసులో నన్ను పేరుతో పిలవండి సార్, బాగనిపిస్తది" అను. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ వద్దు. నూటికి తొంభై మంది లెక్చరర్లు ఆ మాటకు ఇబ్బందిపడి సరే అంటారు. నాకు ఎట్లా తెలుసంటే నేనూ అట్లా పిలిచినదాన్నే.

ఈ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. చాలా ఏళ్ల కిందట నా క్లాసులో ఒక వాలీబాల్ పిల్లాడు ఉండేవాడు, నారాయణపేట దిక్కువాడు. పొడుగ్గా, ఎప్పుడూ ఆఖరి బెంచీలో. యూనిట్ టెస్టు పేపర్లు ఇచ్చేటప్పుడు వాడి వంతు వస్తే "నీకు పాస్ మార్కులు చాలు కదరా, పట్టుకో" అనేదాన్ని. క్లాసు నవ్వేది, వాడూ నవ్వేవాడు. అది చనువని అనుకున్నాను. పదేళ్ల తర్వాత జడ్చర్ల బస్టాండులో కనిపించి, నా బ్యాగు అందుకొని బస్సు ఎక్కించాడు. మాటల్లో, ఏ కోపం లేకుండా, "మీరట్ల అన్నంక పాస్ మార్కులకే చదివిన మేడం" అన్నాడు. బస్సు కదిలింది. షాద్‌నగర్ దాటేదాకా నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఏమీ కనిపించలేదు. వాడు తన చదువు ఎంతో తన మెమోలో చూసుకోలేదు, నా నోట్లో చూసుకున్నాడు. నువ్వు చేస్తున్నదీ అదే.

ఇక ఫిజిక్స్. దీని మీద కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం. నాకు ఫిజిక్స్ రాదు కాబట్టి, నాతో పనిచేసి రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్‌కు ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. ఇంటర్ ఫిజిక్స్ పేపర్ 60 మార్కులు. మొదటి సెక్షన్‌లో రెండేసి మార్కుల చిన్న ప్రశ్నలు 10, మొత్తం 20 మార్కులు, అన్నీ రాయాలి. రెండో దాంట్లో నాలుగేసి మార్కులవి 8 ఇస్తే 6 రాయాలి, 24 మార్కులు. మూడో దాంట్లో ఎనిమిదేసి మార్కులవి 3 ఇస్తే 2 రాయాలి, 16 మార్కులు. నువ్వు ఆ రెండు పెద్ద ప్రశ్నలూ వదిలేసి వచ్చానని రాశావు. అంటే 16 మార్కులు నువ్వు ఆడనే లేదు. నువ్వు రాసింది 44 మార్కులకు. 44కి 27 వచ్చాయి. భాగించి చూసుకో, నూటికి 61.

"అసలు రాదు" అన్న సబ్జెక్టులో, నువ్వు చేయి పెట్టిన చోట, నూటికి 61 వచ్చాయి.

మరి ఆ రెండు ఎందుకు వదిలేశావు? మా లెక్చరర్ చెప్పిందేమంటే, ఫస్టియర్‌లో పెద్ద ప్రశ్నలు ఎక్కువగా పని-శక్తి-సామర్థ్యం, డోలనాలు, ఉష్ణగతిక శాస్త్రం పాఠాల్లోంచి వస్తాయి. ఈ పాఠాలు చెప్పేటప్పుడు నువ్వు ఎక్కడున్నావో గుర్తు చేసుకో. పోయినేడు క్యాంపు, పోటీలు కలిపి ఎన్ని రోజులు కాలేజీకి రాలేదో హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది. ఆ తేదీలను, సార్ పాఠం చెప్పిన తేదీలను పక్కపక్కన పెట్టు. నా అనుమానం నిజమైతే నీకు ఫిజిక్స్ రాకపోవడం కాదు, ఫలానా పాఠాలు నువ్వు వినలేదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిదానికి మందు లేదు. రెండోదానికి సార్ దగ్గర గంటన్నర, రూమ్మేట్ నోట్సు చాలు. అనుమానం తప్పైతే, ఆ పాఠాలు విన్నా అర్థం కాలేదని తేలితే, అదీ తెలుసుకున్నట్టే.

ఇంకో కారణం నువ్వే రాసి, పట్టించుకోకుండా దాటేశావు. మీడియం. తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిష్‌లో బాటనీ, జువాలజీ బట్టీ పట్టైనా వస్తాయి. ఫిజిక్స్‌లో ప్రశ్న అర్థమైతే గానీ లెక్క మొదలుకాదు. ఇందులో కబడ్డీ తప్పు ఏముంది? ఆట ఆడని తెలుగు మీడియం పిల్లల ఫిజిక్స్ మార్కులు కూడా ఒకసారి అడిగి చూడు. ఇంట్లోవాళ్లకు ఆట కళ్ల ముందు కనిపిస్తుంది కాబట్టి ప్రతి నష్టాన్నీ దాని ఖాతాలోనే రాస్తారు. తెలుగు అకాడమీ ఫిజిక్స్ పుస్తకం తెలుగులోనూ ఉంది. లైబ్రరీలో తీసుకొని పాఠం ముందు అందులో చదువు, తర్వాత ఇంగ్లిష్‌లో రాయి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

నాలుగైదు సార్లు చదువుతాను, వచ్చినట్టే ఉంటుంది, పరీక్షలో రాదు అన్నావు. దీనికీ నీ తెలివికీ సంబంధం లేదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు కాలేజీ పిల్లలకు చిన్న పాఠం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒక్క విడత చదివి, మూడు విడతలు పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 61 శాతం. నన్ను ఆశ్చర్యపరిచింది అది కాదు. ఎంత గుర్తుంటుందని మీరు అనుకుంటున్నారని ముందే అడిగితే, మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివిన జట్టే. చదువుతుంటే కళ్లకు అలవాటైపోయి వచ్చేసినట్టు అనిపిస్తుంది. అనిపించడం వేరు, రావడం వేరు. గ్రౌండ్‌లో ఈ పొరపాటు నువ్వు చేయవు. కాలివేళ్లతో డిఫెండర్‌ను తాకే టో టచ్ ఎట్లా చేయాలో యూట్యూబ్‌లో నాలుగుసార్లు చూసి "నాకు వచ్చేసింది" అని మ్యాట్ మీదికి పోతావా?

కాబట్టి ఇప్పటి నుంచి ఒక పాఠం ఒకసారి చదువు. పుస్తకం మూసెయ్. తెల్లకాగితం మీద గుర్తున్నది రాయి. రానిదాన్ని పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో నింపు. రెండు రోజుల తర్వాత మళ్లీ తెల్లకాగితమే. మొదటి వారం చాలా బాధగా ఉంటుంది, ఏమీ రావడం లేదని ఏడుపు వస్తుంది. చదివితే హాయిగా ఉంటుంది, రాస్తే మన లోటు బయటపడుతుంది, అందుకే ఎవరూ రాయరు.

ఇంకో పని. నీ దగ్గర రైడ్లు రాసుకునే నోటుబుక్కు ఉండే ఉంటుంది, లేకపోతే ఆ 8 యాంకిల్ హోల్డ్‌ల లెక్క నీకు తెలిసేది కాదు. అదే బుక్కును వెనక నుంచి తిప్పి రెండు గడులు గీయి. స్లిప్ టెస్టుకు ముందు ఎంత వస్తుందనుకుంటున్నావో మొదటి గడిలో రాయి. పేపర్ ఇచ్చాక వచ్చింది రెండో దాంట్లో రాయి. దాని పక్కన, పోయిన ప్రతి మార్కూ ఎందుకు పోయిందో రెండు మాటల్లో: "చదవలేదు", "చదివా, మరిచిపోయా", "ప్రశ్న అర్థం కాలేదు", "టైం చాలలేదు". దొరికినప్పుడు నువ్వు "నాకు కబడ్డీ రాదు" అనుకోవు కదా, "లెఫ్ట్ కార్నర్‌కు దొరుకుతున్నా" అనుకుంటావు. మర్నాడు ప్రాక్టీసులో లెఫ్ట్ కార్నర్‌లో మంచి డిఫెండర్‌ను నిలబెట్టుకొని కాలు వెనక్కి లాగడం నేర్చుకుంటావు. ఫిజిక్స్‌కు అంత పేరు కూడా పెట్టలేదు నువ్వు. "రాదు" అంటే ఏ మూల, ఏ పట్టు?

రిటైరయ్యే ముందు ఐదారేళ్లు ఈ రెండు గడుల పని నా క్లాసులో చేయించాను. ఆడే పిల్లల్లో రెండు రకాలు కనిపించారు. నీలాంటివాళ్లు 12 వస్తుందని రాసి 19 తెచ్చుకునేవారు. వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ అని నాకు గుర్తు. ఇంకో రకం 20 రాసి 9 తెచ్చుకునేవారు, అడిగితే "స్పోర్ట్స్ కోటా ఉంది కదా మేడం" అనేవారు. వాళ్ల మీద నాకు కోపం వచ్చేది. ఇప్పుడు కూడా ఎవరైనా నీతో "చదువెందుకు, 2024లో నిఖత్ జరీన్‌కు, సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగాలు ఇయ్యలేదా" అంటే విని ఊరుకో. నిఖత్ బాక్సింగ్‌లో రెండుసార్లు ప్రపంచ చాంపియన్, సిరాజ్ క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన టీములో ఆడినవాడు. రాష్ట్రస్థాయి కబడ్డీ సర్టిఫికెట్‌కు డీఎస్పీ రాదు. మామూలు పిల్లలకు అందే స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల్లో చాలావాటికి, కాలేజీ సీట్లకు, ముందు ఇంటరో డిగ్రీయో చేతిలో ఉండాలి. మన రాష్ట్రంలో కానిస్టేబుల్‌కైనా మామూలుగా ఇంటర్ పాస్ కావాలి. బడిలో వ్యాయామ టీచర్ (పీఈటీ) అవుదామన్నా, ఆ కోర్సుల్లో డీపీఎడ్‌కు ఇంటర్, బీపీఎడ్‌కు డిగ్రీ కావాలి.

ఆట, చదువు అనగానే పెద్దవాళ్లు రెండు పేర్లు తీస్తారు. చదివించాలనుకునేవాళ్లు అనిల్ కుంబ్లే ఇంజనీర్ కాదా అంటారు. ఆడించాలనుకునేవాళ్లు సచిన్ కాలేజీకి పోయాడా అంటారు. రెండూ నిజాలే, నీకు రెండూ పనికిరావు. నీకు కావాల్సింది మార్చి దాకా నీ వారం ఎట్లా గడవాలనే లెక్క.

ఆ లెక్క చూద్దాం. రోజుకు 4 గంటలు, ఆరు రోజులు, 24 గంటలు. అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ సీజన్‌లో తమ విద్యార్థుల ప్రాక్టీసుకు పెట్టిన హద్దు రోజుకు 4 గంటలు, వారానికి 20 గంటలు, వారంలో ఒక రోజు సెలవు. మైదానాలు, డాక్టర్లు, విడిగా ట్యూటర్లు ఉన్న పిల్లలకు అక్కడ పెట్టుకున్న హద్దు అది. నువ్వు హాస్టల్ అన్నం తిని, దానికంటే వారానికి 4 గంటలు ఎక్కువ ఆడుతున్నావు. క్లాసులో కునుకు వస్తోందని నువ్వు రాయలేదు గానీ వస్తూనే ఉంటుంది. ఆ కునుకునూ "నాకు చదువు ఎక్కదు" ఖాతాలోనే వేసుకుంటున్నావేమో చూసుకో.

రాష్ట్ర పోటీలు అయిపోయాయి కాబట్టి ఆటలు నేర్పే మీ పీడీ సార్‌ను అడుగు. డిసెంబరు దాకా పొద్దున ప్రాక్టీసు మూడు రోజులు, సాయంత్రం మామూలుగా. జనవరి నుంచి పొద్దున పూర్తిగా ఆపి, సాయంత్రం ఒక గంట. ఫిట్‌నెస్ పోకుండా ఉండటానికి అది చాలు అని ఆయనే చెప్తారు. "మానేస్తున్నా" అని చెప్పకు, "పరీక్షల దాకా తగ్గిస్తున్నా, ఏప్రిల్‌లో వస్తా" అని చెప్పు. ఆయన ఒప్పుకోకపోతే మీ ప్రిన్సిపాల్ దగ్గరికి పోవచ్చు. కానీ చాలామంది పీడీలు ఆటగాళ్లు ఫెయిలవడం ఇష్టపడరు, ఫెయిలైన పిల్లను ఇంట్లోవాళ్లు మళ్లీ గ్రౌండ్‌కు పంపరని వాళ్లకు తెలుసు.

ఆట మానేయమంటారా అని అడిగావు. వద్దు. కనీసం ఈ ఉత్తరంలో రాసిన కారణాలకు మాత్రం వద్దు. ఆడటం నీకే విసుగొచ్చినా, మోకాలు దెబ్బతిన్నా, అప్పుడు వేరే సంగతి. చదువు రాదనే లెక్క మీద ఆట మానేస్తే, ఆ లెక్కే తప్పు కాబట్టి రేపు ఆటా ఉండదు, ఆ "వేస్ట్" అనే మాట మాత్రం పోదు. సాయంత్రం 4:30కి పుస్తకం పట్టుకొని గదిలో కూర్చుంటావు, మనసు గ్రౌండ్‌లో ఉంటుంది, మార్కులు ఇప్పటిలాగే వస్తాయి. అప్పుడు నిందించడానికి కబడ్డీ కూడా ఉండదు.

మీ అన్నతో వాదన పెట్టుకోకు. ఆయనకు నీ మార్కులు తెలుసా? నువ్వు ఇంట్లో కూడా "ఏదో పాసైన" అనే చెప్పి ఉంటావు, అందుకే ఆయనకు భయం. ఈసారి ఊరికి పోయినప్పుడు మెమో ప్రింటు తీసుకుపో. 322 అని చెప్పు, ఫిజిక్స్ 27 ఎందుకు వచ్చిందో, 16 మార్కులు ఎట్లా వదిలేశావో అదీ చెప్పు, దాచకు. మేనమామ ముందు కాదు, నాయిన ఇంట్లో ఉన్నప్పుడు చెప్పు. ఏమీ అనని మనిషి అన్నావు. తోట నుంచి వచ్చి, చేతులు కడుక్కొని, ఆ కాగితం ఆయన చేతిలోకి తీసుకుంటే ఏమంటాడో నాకూ తెలుసుకోవాలని ఉంది.

సెకండియర్ ఫిజిక్స్‌లో పెద్ద ప్రశ్నలు తరంగాలు, ప్రవాహ విద్యుత్తు, కేంద్రకాలు అనే మూడు పాఠాల్లోంచి ఎక్కువగా వస్తాయట. ముందు తరంగాలు తీయి. వచ్చే స్లిప్ టెస్టుకు నీ అంచనా ఎంతో పరీక్షకు ముందే ఒక కార్డు మీద రాసి నాకు పంపు. వచ్చిన మార్కు తర్వాత పంపొచ్చు.